పికప్ వాహనానికి మడత నిచ్చెన: అమరికలో జాగ్రత్తలు

పికప్ వాహనాల నుంచి సరుకు దించే హమాలీలు చక్రంపై కాలు మోపి ఎక్కడం, పైనుంచి దూకడం నిత్యం కనిపించేదే. దూకినప్పుడు దెబ్బ మోకాళ్లు, చీలమండలపై పడుతుంది. వర్షంలో కాలు జారే ముప్పూ ఉంటుంది. వెనుక తలుపునకు మడత నిచ్చెన ఉంటే ఈ ప్రమాదం తగ్గుతుంది.

అయితే నిచ్చెనను పలుచని రేకుకు బిగించరాదు. మనిషి బరువుకు రేకు వంగి, బోల్టు రంధ్రాలు చీలిపోవచ్చు. తలుపు చట్రానికే బోల్టులు వేసి, వెనుకవైపు మందపాటి ఇనుప పట్టీ, లాక్ నట్లు అమర్చాలి. నిచ్చెన నేలకు ఆనితే తలుపు గొలుసులపై భారం తగ్గుతుంది. సరుకు దిగేకొద్దీ వాహనం పైకి లేస్తుంది కనుక నిచ్చెన కాళ్ల పొడవును సర్దుకునే వీలుండాలి. ప్రయాణంలో అది తెరుచుకోకుండా గడియ తప్పనిసరి. నంబరు పలకకు, వెనుక దీపాలకు అడ్డు రాకూడదు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. అందువల్ల ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో విచారించడం మేలు. నిచ్చెన సరుకు ఎత్తి దించే వారి కోసమే. అది ఉన్నంత మాత్రాన సరుకు వాహనంలో ప్రయాణికులను ఎక్కించరాదు.