ఎండకు ముసలయ్యే బెల్టు

కారు ఇంజనులో ఏ చప్పుడూ చేయకుండా, డ్యాష్‌బోర్డు మీద ఏ దీపాన్నీ వెలిగించకుండా, ఉన్నట్టుండి తెగిపోగల భాగం టైమింగ్ బెల్టు. హైదరాబాదు నుంచి కరీంనగర్ మీదుగా రామగుండం వెళ్ళే రాజీవ్ రహదారి మీద గానీ, నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఎక్కుతున్నప్పుడు గానీ అది తెగితే ఇంజను అక్కడికక్కడే ఆగిపోతుంది. హైడ్రాలిక్ పవర్ స్టీరింగు ఉన్న కారులో స్టీరింగు ఒక్కసారిగా బరువెక్కుతుంది. బ్రేకు పెడలుకు తోడ్పడే వాక్యూమ్ రెండు మూడుసార్లు తొక్కేసరికి అయిపోతుంది. చాలా ఇంజన్లలో నష్టం అక్కడితోనూ ఆగదు, లోపల వాల్వులు వంగిపోయి హెడ్డు మొత్తం విప్పాల్సి వస్తుంది. ఈ బెల్టును, దాని పక్కనే ఉండే వాటర్ పంపును, అంటే మెకానిక్కులు వాటర్ బాడీ అని పిలిచే భాగాన్ని, గడువుకు ముందే ఒకే దఫాలో మార్చుకోవాలన్నది వాహన నిర్వహణలో పాత నియమమే. అయితే ఆ గడువును కిలోమీటర్లతో మాత్రమే కొలవడం ఉత్తర తెలంగాణ వంటి చోట సరిపోదు. ఇక్కడి ఎండ, దుమ్ము, బోరు నీళ్ళు కలిసి కారు తయారీదారు పుస్తకంలో రాసిన ఆయుష్షును తగ్గిస్తాయి.

ఇంజనులో పిస్టన్లు పైకీ కిందికీ కదలడం వల్ల తిరిగే ఇరుసును క్రాంక్‌షాఫ్ట్ అంటారు. గాలి లోనికి రావడానికి, పొగ బయటికి పోవడానికి వాల్వులను తెరిచి మూసే ఇరుసు క్యామ్‌షాఫ్ట్. నాలుగు దశల్లో పనిచేసే ఇంజనులో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టే తిరగాలి, ఆ లెక్క ఒక్క పన్ను కూడా తప్పకుండా చూసేది లోపలివైపు పళ్ళు ఉన్న ఈ రబ్బరు బెల్టు. ఇంజను నిమిషానికి 3,000 చుట్ల వేగంతో తిరుగుతున్నప్పుడు ప్రతి వాల్వూ సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. సగటున గంటకు 40 కిలోమీటర్ల వేగంతో, నిమిషానికి 2,000 చుట్ల చొప్పున లక్ష కిలోమీటర్లు నడిచిన కారును లెక్కలోకి తీసుకుంటే, దాని క్రాంక్ దాదాపు 30 కోట్ల చుట్లు తిరిగి ఉంటుంది, ఆ ప్రతి చుట్టులోనూ బెల్టు పళ్ళ మీద భారం పడే ఉంటుంది. తెరిచి ఉన్న వాల్వు కిందికి వచ్చే చోటికే పిస్టన్ కూడా పైకి వచ్చేలా నిర్మించిన ఇంజన్లలో, బెల్టు తెగిన మరుక్షణం ఆ రెండూ ఢీకొంటాయి. డీజిల్ ఇంజన్లన్నీ దాదాపు ఈ కోవలోనివే.

పళ్ళ బెల్టు మొదట కార్ల కోసం పుట్టినది కాదు. 1940ల్లో అమెరికాలో కుట్టుమిషన్ల కోసం దాన్ని రూపొందించారు. జర్మనీలోని గ్లాస్ అనే చిన్న సంస్థ 1962లో తన 1004 కారులో దీన్ని వాడి, పెద్ద సంఖ్యలో తయారైన కార్లలో మొదటిసారి ఇనుప గొలుసుకు బదులు రబ్బరును తెచ్చింది. బెల్టు తేలిక, చప్పుడు తక్కువ, నూనెతో తడపాల్సిన పని లేదు, ఖర్చూ తక్కువ. మన దేశంలో అప్పటి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని గొలుసుతోనే నడిచాయి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో బెల్టు ఇంటింటికీ చేరింది. తర్వాత 1998లో వచ్చిన శాంత్రో, అదే ఏడాది చివర వెలువడి ఆ తర్వాత టాక్సీ స్టాండ్లను నింపేసిన ఇండికా డీజిల్, లోగాన్, వెరిటో, డస్టర్, సన్నీ కార్లలోని 1,461 సీసీ డీజిల్ ఇంజను, పోలో, ర్యాపిడ్ డీజిళ్ళు కూడా బెల్టుతో నడిచేవే. మారుతి కే-సిరీస్ ఇంజన్లలోనూ, స్విఫ్ట్ 1.3 డీజిల్‌లోనూ ఉన్నది గొలుసు. అందుకే పానా చేతపట్టక ముందే తన ఇంజను ఏ కోవలోనిదో యజమాని తేల్చుకోవాలి. ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 1.0 ఎకోబూస్ట్ వంటి వాటిలో బెల్టు ఇంజను నూనెలోనే మునిగి ఉంటుంది, దాన్ని ఇంటి దగ్గర విప్పడం తగదు.

ఎండ, దుమ్ము, బోరు నీళ్ళు

టైమింగ్ బెల్టును ప్రత్యేక రబ్బరుతో, దాని లోపల పొడవునా పేర్చిన గాజుపోగుల దారాలతో, పళ్ళ మీద నైలాను గుడ్డ తొడుగుతో తయారు చేస్తారు. గాజుపోగులు లాగుడును భరిస్తాయి, రబ్బరు వంగుతుంది. రబ్బరు గట్టిపడినప్పుడు ప్రతి వంపులోనూ సన్నని పగుళ్ళు మొదలై పళ్ళ మొదళ్ళ దాకా పాకుతాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే రబ్బరు ముదిరే వేగం సుమారు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రంలో ఒక స్థూల సూత్రం ఉంది. ఆ లెక్కన రామగుండం, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ ప్రాంతాల మే నెలను తలచుకోవాలి. అక్కడ నీడలోనే పాదరసం 45 డిగ్రీలకు చేరుతుంది, బానెట్ కింద మూతల మధ్య బిగుసుకుపోయిన గాలి దానికంటే ఎన్నో డిగ్రీలు వేడిగా ఉంటుంది.

ఇది కేవలం ఊహ కాదనడానికి వాహన తయారీదారుల పుస్తకాలే సాక్ష్యం. అమెరికాలో తెలుగు కుటుంబాలు ఎంతగానో వాడే ఒడిస్సీ వంటి హోండా వీ6 కార్లకు ఒకప్పటి పట్టికల్లో టైమింగ్ బెల్టు గడువు 1,05,000 మైళ్ళు లేదా ఏడేళ్ళు. 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో గానీ, మైనస్ 29 డిగ్రీల కంటే తక్కువ చలిలో గానీ తరచూ నడిపితే 60,000 మైళ్ళకే మార్చమని అదే సంస్థ చెప్పింది. అంటే సుమారు 1,69,000 కిలోమీటర్ల గడువు 97,000కు దిగిపోయింది. అరిజోనా ఎడారిలో నడిపే యజమానికి వర్తించిన ఆ హద్దును గోదావరిఖని యజమాని ప్రతి వేసవిలో దాటుతూనే ఉంటాడు. భారతదేశంలో అమ్మిన బెల్టు ఇంజన్లకు గడువులు మోడల్‌ను బట్టి మారతాయి గనుక సొంత కారు పుస్తకమే ప్రమాణం. ఆ పుస్తకంలో కఠిన పరిస్థితుల పట్టిక వేరుగా ఉంటే కరీంనగర్, పెద్దపల్లి, ఆదిలాబాద్ జిల్లాల యజమానులు ఆ రెండో పట్టికనే పాటించాలి.

దుమ్ము సంగతి కూడా చిన్నది కాదు. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీలు, సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల చుట్టూ బొగ్గు లారీల బాటలు ఉన్నాయి. బెల్టు మీద ఉండే ప్లాస్టిక్ మూత పగిలినా, గతంలో ఎవరో విప్పి ఒక బోల్టు వదిలేసినా, ఆ రాతిపొడి పళ్ళ సందుల్లోకి చేరి రబ్బరును అరగదీస్తుంది. ఇరుసు సీళ్ళ నుంచి కారే నూనెతో కలిస్తే నష్టం ఇంకా వేగంగా జరుగుతుంది.

అయితే ఈ ప్రాంతంలో బెల్టును నిశ్శబ్దంగా చంపే కారణం ఇంకొకటి ఉంది, దాని మీద తగినంత చర్చ జరగడం లేదు. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ పల్లెల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళిన వారి కార్లు ఇంటి ముందు రేకుల షెడ్డు కింద నెలల తరబడి కదలకుండా ఉంటాయి. యజమాని సెలవు మీద వచ్చినప్పుడు మీటరు మీద ముప్పై వేలే కనిపిస్తాయి, కారు కొత్తదేనన్న భరోసా కలుగుతుంది. కానీ రబ్బరుకు వయసు కాలంతో కూడా వస్తుంది. ఒకే వంపులో ఏళ్ళ తరబడి ఉండిపోయిన బెల్టు, రేకుల కింది వేడికి గట్టిపడిన బెల్టు, దుబాయి నుంచి దిగిన మర్నాడే కుటుంబంతో కలిసి వేములవాడకో ధర్మపురికో బయలుదేరిన ప్రయాణంలో తెగవచ్చు. కిలోమీటర్లు, ఏళ్ళు అని రెండు అంకెలు పుస్తకంలో ఉన్నప్పుడు ఏది ముందు వస్తే అదే గడువు అన్న మాటకు పూర్తి అర్థం ఇలాంటి కార్ల విషయంలోనే తెలుస్తుంది.

ఇక వాటర్ పంపు. ఇంజను చుట్టూ కూలెంటును తిప్పేది ఇదే. డస్టర్ డీజిల్ వంటి అనేక ఇంజన్లలో దీన్ని నడిపేది కూడా టైమింగ్ బెల్టే. దీని బేరింగు పట్టేస్తే బెల్టు పళ్ళు రాలిపోతాయి, దీని సీలు కారితే కూలెంటు బెల్టు మీద పడుతుంది. పంపుకు కింద ఉండే చిన్న రంధ్రం నుంచి రంగు మరక దిగిందంటే సీలు అరిగిందని గుర్తు. రేడియేటరులో బోరు నీళ్ళు పోసే అలవాటు ఇక్కడ ఇంకా పోలేదు. కఠిన శిలల మీద నిలిచిన ఈ ప్రాంతపు భూగర్భ జలంలో ఉండే లవణాలు వేడికి సున్నంలా పేరుకుని పంపు రెక్కలను, సీలును, సన్నని గొట్టాలను పాడు చేస్తాయి. ఇథిలీన్ గ్లైకాల్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపిన మిశ్రమం మామూలు పీడనం వద్ద సుమారు 107 డిగ్రీల దాకా మరగదు; అందులో కలిపే మందులు లోహానికి తుప్పు పట్టనివ్వవు. బోరు నీళ్ళకు ఈ రెండు గుణాలూ లేవు. పంపు ఖరీదు ఆ పని కూలితో పోలిస్తే తక్కువ, దాన్ని చేరుకోవడానికి విప్పాల్సినవన్నీ బెల్టు కోసం ఎలాగూ విప్పుతారు. కాబట్టి పాత పంపును వదిలేసి బెల్టు ఒక్కటే మార్చడం పొదుపు అనిపించుకోదు.

ఇంటి ముంగిట్లో

ఈ పని ఇంటి దగ్గర చేయవచ్చా అన్న ప్రశ్నకు సమాధానం ఇంజను మీద, యజమాని ఓపిక మీద ఆధారపడి ఉంటుంది. మెకానిక్ కూలిని గంటకు ఇన్ని డాలర్లని లెక్కకట్టే అమెరికాలో ఇంటి గ్యారేజీల్లో వారాంతపు పనిగా దీన్ని చేసుకునేవారు ఉన్నారు. ఐటీఐల్లో మెకానిక్ మోటార్ వెహికల్ కోర్సు రెండేళ్ళు చదివిన యువకులకు, ట్రాక్టరును సొంతంగా విప్పి బిగించే రైతులకు ఉత్తర తెలంగాణలోనూ ఇది అసాధ్యం కాదు. కావలసింది ధైర్యం కంటే క్రమం.

పని మొదలయ్యే ముందు ఆ ఇంజనుకు చెందిన వర్క్‌షాప్ పుస్తకం, టైమింగును బిగించి పట్టే పిన్నులు, బోల్టును ఎంత బిగించాలో కొలిచి చూపే టార్క్ రెంచి, ముద్ర చెదరని కిట్టు దగ్గర ఉండాలి. కిట్టులో బెల్టుతో పాటు దాన్ని తగినంత బిగువుగా ఉంచే టెన్షనరు, దారి మళ్ళించే ఐడ్లరు, వాటర్ పంపు, దాని ప్యాకింగు ఉంటాయి. ఇంజను పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, చదునైన గచ్చు మీద వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపాలి. ఒక్క జాకీ మీద నిలిచిన కారు కిందికి ఎవరూ చేతులు పెట్టకూడదు. కూలెంటును పాత్రలోకి దించాలి. అది తియ్యగా ఉంటుంది, విషం కూడా. కుక్కలు, పశువులు, పిల్లలు తాగే చోట ఉంచకూడదు, కాలువలో పోయకూడదు.

ఆ తర్వాతిదే అసలైన మెట్టు. క్రాంక్ బోల్టుకు పానా పెట్టి, ఇంజను తిరిగే దిశలోనే చేతితో తిప్పుతూ మొదటి సిలిండరు పిస్టన్ పైకొసకు వచ్చేలా చేసి, క్రాంక్ గుర్తును, క్యామ్ గుర్తును పుస్తకం చెప్పిన చోట కలపాలి. పిన్నులు ఉన్న ఇంజనులో పిన్నులు దూర్చాలి. పాత బెల్టు మీద, పుల్లీల మీద రంగుతో గీతలు పెట్టుకోవడం మంచి తోడు, అయితే పిన్నులకు అది ప్రత్యామ్నాయం కాదు. కొన్ని ఇంజన్లలో క్రాంక్ పుల్లీకి ఇరుసు మీద గాడి ఉండదు, బోల్టు బిగువే దాన్ని నిలుపుతుంది. అక్కడ పిన్ను లేకుండా చేసిన అంచనా ఇంజను ప్రాణాల మీదికి తెస్తుంది. బోల్టు రాకపోతే పొడవు గొట్టం తగిలించి స్టార్టరు కొట్టి వదులు చేసే పద్ధతి కొందరు పాటిస్తారు. అది చేతులు విరిగే పని, టైమింగు పిన్నును ఆనుగా వాడి బోల్టు విప్పడం పిన్నునూ ఇంజనునూ పాడు చేసే పని. పుల్లీని పట్టి ఉంచే సరైన సాధనమే వాడాలి.

ఇంజనుకు కింద చెక్క పెట్టి ఆసరా ఇచ్చాకే దాన్ని మోసే మౌంటు విప్పాలి. మూతలు తీసి, టెన్షనరు వదులు చేసి బెల్టు దించాక క్రాంక్‌ను గానీ క్యామ్‌ను గానీ విడిగా తిప్పకూడదు. ఇరుసు సీళ్ళ దగ్గర నూనె తడి కనిపిస్తే వాటిని అప్పుడే మార్చాలి. కొత్త బెల్టును నూనెలో నడపడం వృథా. పంపు దించిన చోట పాత ప్యాకింగు ముక్కలను గీతలు పడకుండా తుడిచి, కొత్తదాన్ని అమర్చి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. కొత్త బెల్టును మడవకూడదు, స్క్రూడ్రైవరుతో లాగి ఎక్కించకూడదు. బాణం గుర్తు ఉంటే తిరిగే దిశకే ఉండాలి. వదులంతా టెన్షనరు వైపుకే రావాలి.

బిగువు సరిచేసి పిన్నులు తీశాక క్రాంక్‌ను చేతితోనే నిండుగా రెండు చుట్లు తిప్పాలి. గుర్తులు మళ్ళీ అదే చోట కలిస్తే సరే; మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే బలం పెట్టకుండా ఆగిపోవాలి, ఎందుకంటే ఆ తగిలేది వాల్వు మీద పిస్టనే. ఈ రెండు చుట్లు తిప్పడానికి పట్టే సమయం ఐదు నిమిషాలు, తిప్పకుండా స్టార్టరు కొట్టిన వారికి మిగిలేది హెడ్డు పని.

తిరిగి బిగించాక కొత్త కూలెంటు నింపి, గాలి బుడగలు పోయేలా హీటరును పూర్తి వేడి వైపు ఉంచి ఫ్యాను తిరిగేదాకా నడిపి చూడాలి. రేడియేటరు వేడిగా ఉండగా మూత తీయకూడదు. మొదటి వారం రోజూ ఉదయం చల్లటి ఇంజనులో కూలెంటు మట్టాన్ని చూసుకోవాలి. బెల్టు మార్చిన తేదీని, మీటరు అంకెను ఒక కాగితం మీద రాసి పై మూతకు అతికించి, కిట్టు బిల్లును కారు పుస్తకంలో దాచాలి. పాత కారు కొనేవారు తొలుత అడగాల్సింది కూడా ఆ బిల్లునే. అది లేని కారులో మీటరు ఎంత చూపినా, బెల్టు మారలేదనే లెక్కతోనే బేరం మొదలుపెట్టాలి.