తూటా లోపలికెళ్లాక ఏమవుతుంది?

మాణికేశ్వర్ నగర్‌ను పాతవాళ్లు ఇప్పటికీ వడ్డెర బస్తీ అనే అంటారు. ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న ఈ బస్తీలో ఓ మేస్త్రీకి ఊళ్లో కొంచెం మక్క చేను ఉంది. కంకి పాలు పోసుకునే వేళకు అడవి పందులు దిగుతాయి. "తుపాకులోళ్లు వచ్చిండ్రన్నా. దెబ్బ తాకింది, పంది మాత్రం ఉరికింది. గదెట్ల?" అని అడిగాడు. దీనికి జవాబు తుపాకీలో కన్నా తూటాలో ఎక్కువ ఉంది.

తూటా చేయాల్సిన పనులు రెండు: లోతుగా దిగడం, గాయాన్ని వెడల్పు చేయడం. చిక్కేమిటంటే ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. సీసం ముక్కు బయటికి కనిపించే మెత్తని తూటా ఒంట్లో దిగగానే విచ్చుకుంటుంది. వెడల్పయిన కొద్దీ అడ్డు పెరిగి తొందరగా ఆగిపోతుంది. ముక్కుదాకా గట్టి లోహపు తొడుగున్న తూటా ఆకారం చెడకుండా దూసుకుపోతుంది, కానీ సన్నటి దారే చేస్తుంది.

విచ్చుకునే తూటాకు పేరు తెచ్చింది కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారం. 1899 హేగ్ ఒప్పందంలో యుద్ధంలో దాన్ని వాడకూడదన్నారు. వేటలో మాత్రం లెక్క తలకిందులు: సన్నటి గాయంతో జంతువు పారిపోయి రోజుల తరబడి బాధపడుతుందని, చాలా దేశాల్లో జింకల వేటకు విచ్చుకునే తూటానే వాడాలంటారు. మనిషికి క్రూరమన్నది జింకకు దయ అయింది!

ఏ తూటా సరిపోతుందన్నది జంతువును బట్టి కూడా ఉంటుంది. 1902లో వైస్రాయ్ కర్జన్ నిజాం రాజ్యంలోని నెక్కొండ అడవుల్లో పులిని వేటాడాడు. రాజా దీన్‌దయాళ్ స్టూడియో తీసిన ఫొటోలు నేటికీ ఉన్నాయి. పులి తోలు మరీ మందం కాదు, ఎముక ఏనుగు ఎముకంత మందం కాదు, మెత్తని తూటా సరిపోతుంది. అదే తూటా ఏనుగు నుదుటికి పేలిస్తే మెదడు దాకా చేరదు. ఏనుగు పుర్రె పైభాగమంతా గాలి గదులున్న ఎముక. అడుగు పైచిలుకు దాన్ని దాటితే గానీ మెదడు రాదు. బండలో ఉలి దిగాలంటే మొన వంగకూడదు కదా, ఇదీ అంతే. బెల్ అనే స్కాట్లాండ్ వేటగాడు ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు. వాటిలో ఎక్కువ భాగం 7 మిల్లీమీటర్ల చిన్న రైఫిల్‌తోనే, 11 గ్రాముల గట్టి తూటాతోనే. అప్పటి పెద్ద రైఫిళ్ల తూటాలు 31 గ్రాములు, కొన్ని ఇంకా ఎక్కువే ఉండేవి. బెల్ ఏనుగు పుర్రెల్ని కోసి చూసి మెదడు ఎక్కడుందో నేర్చుకున్నాడు. నా దృష్టిలో అతని అసలు ఆయుధం ఆ చదువే.

లోతుకూ వెడల్పుకూ రాజీ కోసం చాలామంది తంటాలు పడ్డారు. 1940లలో అమెరికాలో జాన్ నోస్లర్ తూటా మధ్యలో అడ్డుగోడ పెట్టాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం నిలిచి లోతుకు తోస్తుంది. తర్వాత పూర్తి రాగి తూటాలొచ్చాయి. విచ్చుకున్నా అవి పెద్దగా ముక్కలు కావు. సీసం తూటా మాత్రం మాంసంలో కంటికి కనబడని పొడి వదులుతుంది.

ఇక మన పంది. ముదురు మగపంది భుజాల మీద తోలు కింద గట్టి కవచంలాంటి పొర ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా దొరికేది 12 బోరు తుపాకీ. దాని ఎల్‌జీ కార్ట్రిడ్జ్‌లో గుండ్లు ఆరు, ఒక్కోటి నాలుగైదు గ్రాములు. గుండ్రటివి కాబట్టి గాలిలోనే వేగం పోగొట్టుకుంటాయి, దూరమయ్యే కొద్దీ చెదురుతాయి. ముప్ఫై మీటర్లు దాటితే రెండో మూడో తగిలినా భుజం పొరలోనే నిలిచిపోవచ్చు. పంది గుండెకాయ ముందు కాళ్ల మధ్య బాగా కిందికి ఉంటుంది. గురి కాస్త వెనక్కి తప్పితే తగిలేది పేగులకే. మేస్త్రీ చూసింది ఇలాంటిదే అయి ఉండాలి.

అలాగని లోతుకు దిగే రైఫిల్ తూటా తెస్తే ఇంకో చిక్కు. అది పందిని దాటి చేలు దాటి కిలోమీటరు పైగా పోగలదు. అవతల ఇంకొకరు కాపలా కాస్తూ ఉండొచ్చు. 1972 వన్యప్రాణి చట్టంలోని 11వ సెక్షన్ కింద అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే పంటల్ని పాడుచేసే పందిని కాల్చొచ్చు. అనుమతి ఉన్నా, తెలిసిన షూటరు చేనులో నేల మీద నిలబడి పేల్చడు. మంచె ఎక్కి కిందికి కాలుస్తాడు, పందిని దాటినా తూటా నేలలో దిగేలా.