గురివింద గింజెత్తు బంగారం

వెనిజులా దక్షిణాన బొలీవార్ రాష్ట్రంలో తుమెరెమో అని ఒక ఊరుంది. చుట్టూ బంగారు గనులు. 2021లో ఆ ఊళ్లో క్రాఫు చేయించుకుంటే గ్రాములో ఎనిమిదో వంతు బంగారం ఇచ్చేవారు. చైనా హోటల్లో ఇద్దరు భోంచేస్తే పావు గ్రాము, లాడ్జిలో ఒక రాత్రికి అర గ్రాము. జనం బంగారు రేకుముక్కలను జేబుల్లో వేసుకుని తిరిగేవారు. ఆ ముక్కలను చుట్టుకున్న కాగితం వాళ్ల దేశపు కరెన్సీ నోటే. 2008 నుంచి 2021 దాకా మూడు విడతల్లో ఆ కరెన్సీలోంచి 14 సున్నాలు తీసేశారు. అంత పతనమయ్యాక ఆ నోటుకు పొట్లం కట్టడం కంటే మంచి పని మిగల్లేదు.

గ్రాములో ఎనిమిదో వంతు అంటే మనకు పాత పరిచయమే. మన కంసాలులు తూకానికి వాడిన గురివింద గింజ ఇంచుమించు అంతే తూగుతుంది. 96 గింజలైతే తులం. ఎక్కడో దక్షిణ అమెరికాలో, సెల్‌ఫోన్లున్న కాలంలో, ఒక సెలూన్ యజమాని మన తాతల నాటి తూకంతో డబ్బు తీసుకున్నాడన్నమాట.

ఈ ముచ్చట విన్న తెలుగువాళ్లకు ఒక ధీమా కలుగుతుంది. రేపు ఏ యుద్ధమో వచ్చి బ్యాంకులు మూతపడి, నోట్లు చెల్లకుండా పోయినా ఇంట్లో నాలుగు కాసుల బంగారముంటే గండం గట్టెక్కుతామని మన ఇళ్లలో తరతరాలుగా నమ్ముతున్నారు. ఆ నమ్మకం తప్పని నేననను. కానీ అది ఏ పూట నిజమవుతుంది, ఏ పూట కాదన్నది విడమరచి చూసుకోవాలి. వ్యవస్థలు కూలిన చోట్ల బంగారం ఏం చేసిందో చరిత్రలో దాఖలాలు చాలానే ఉన్నాయి.

ముందు వెనిజులా సంగతే పూర్తి చేద్దాం. తుమెరెమోలో బంగారం చెల్లుతున్న రోజుల్లోనే రాజధాని కరాకస్‌లో జనం అమెరికా డాలర్లతో బేరాలు చేస్తున్నారు. కొలంబియా సరిహద్దున తాచిరాలో కొలంబియా పెసోలు, బ్రెజిల్ సరిహద్దున ఉన్న సాంటా ఎలెనాలో బ్రెజిల్ రియల్స్ నడిచాయి. ఒకే దేశం, ఒకే పతనం, నాలుగు చోట్ల నాలుగు డబ్బులు. ఎవరికి ఏది రోజూ చేతికందుతుందో, ఏది తీసుకుంటే రేపు ఎదుటివాడు కాదనకుండా పుచ్చుకుంటాడో అదే వాళ్లకు డబ్బయింది. తుమెరెమోలో బంగారం గనిలోంచి రేణువులుగానే వస్తుంది. కొట్టుకొట్టుకీ చిన్న త్రాసుంది. ఏ ముక్క ఎంత తూగుతుందో, ఏది మేలిమో ఊళ్లో అందరికీ కంటితోనే అంచనా. పైగా పోగైన బంగారాన్ని కొనేవాళ్లు అక్కడే ఉన్నారు. కరాకస్‌లో ఇవేవీ లేవు. అక్కడ బంగారపు ఉంగరం తీసుకుని రొట్టెల కొట్టుకు వెళితే కొట్టువాడు ఏం చేస్తాడు? అది అసలుదో నకిలీదో చెప్పలేడు. ఎంత తూగుతుందో చెప్పలేడు. మిగతా చిల్లర అసలే ఇవ్వలేడు.

ఈ చిల్లర సమస్య చిన్నదిగా కనిపిస్తుంది గానీ బంగారం మెడకు పడ్డ గుదిబండ ఇదే. జింబాబ్వేనే చూడండి. 2009 జనవరిలో అక్కడ వంద ట్రిలియన్ డాలర్ల నోటు అచ్చువేశారు. అంటే ఒకటి పక్కన 14 సున్నాలు. ఆ ఏప్రిల్‌లో సొంత కరెన్సీనే పక్కన పెట్టి అమెరికా డాలరు, దక్షిణాఫ్రికా రాండ్‌లతో కాలక్షేపం చేశారు. తర్వాత మళ్లీ సొంత డబ్బు తెచ్చారు, అదీ పడిపోసాగింది. జనం పొదుపుకు దారి చూపాలని 2022 జులైలో అక్కడి రిజర్వు బ్యాంకు బంగారు నాణేలు విడుదల చేసింది. నాణెంలోని బంగారం ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31 గ్రాములు. అప్పటి ధరకు ఒక్కోటి 1,700 డాలర్ల పైమాటే. కూలిపని చేసుకునేవాడు అలాంటి నాణేన్ని ఏనాటికి కొనగలడు? కొన్నా దాన్ని ఏ సంతలో మార్చగలడు? కొన్ని నెలలకే బ్యాంకు అర ఔన్సు, పావు ఔన్సు, పదోవంతు ఔన్సు నాణేలు కూడా తేవలసి వచ్చింది. పదోవంతు అన్నా మూడు గ్రాములు. కిలో మొక్కజొన్న పిండికి అదీ ఎక్కువే.

అందుకే చిన్న బేరాలకు వెండి అంటారు. లోకమంతటా చాలా శతాబ్దాలు సంతల్లో తిరిగిన డబ్బు నిజానికి వెండే. బంగారం రాజుల బొక్కసాల్లోనూ దూరదేశపు వర్తకుల సంచుల్లోనూ ఉండేది. మన రూపాయి అన్న మాటే వెండిని సూచిస్తుంది. పాత వెండి రూపాయి బరువు ఒక తులం, అందులో పన్నెండింట పదకొండు పాళ్లు మేలిమి వెండి. అయితే వెండికి రెండు చిక్కులున్నాయి. మొదటిది మోత. నాణేలు నడిచిన కాలంలో ఒక పాలు బంగారానికి పదిహేను, పదహారు పాళ్ల వెండి సరిపోయేది. ఈ తరంలో ఆ నిష్పత్తి చాలాకాలం అరవైకీ తొంభైకీ మధ్య ఊగింది. ఎనభై అనుకుని లెక్కేద్దాం. ఒక కాసు, అంటే ఎనిమిది గ్రాముల బంగారానికి సాటి 640 గ్రాముల వెండి. వెండి బంగారం కన్నా తేలిక లోహం కాబట్టి చోటు కూడా దాదాపు 150 రెట్లు కావాలి. బంగారాన్ని చీర అంచులో కుట్టుకుని ఊరు దాటొచ్చు. అదే విలువ వెండిలో ఉంటే మూటెత్తుకోవాలి, దారిలో అందరి కళ్లూ ఆ మూట మీదే.

రెండో చిక్కును మన దేశమే 1940లో అనుభవించింది. ఆ జూన్‌లో హిట్లర్ సేనల ముందు ఫ్రాన్స్ పడిపోయింది. ఇక బ్రిటన్ వంతేనన్న భయం పాకింది. నోట్లిచ్చి వెండి రూపాయలు తీసుకోవడానికి జనం రిజర్వు బ్యాంకు కౌంటర్ల దగ్గర ఎగబడ్డారు. అలా తీసుకున్న రూపాయలు బజారులోకి తిరిగి రాలేదు. నేలలో, గోడల్లో, భోషాణాల్లో దాక్కున్నాయి. సొంత అవసరానికి మించి నాణేలు పోగేయడం నేరమని ప్రభుత్వం ఆ నెలలోనే ఉత్తర్వు వేసింది. రూపాయి నోటు తెచ్చింది. డిసెంబరులో రూపాయిలో వెండిని సగానికి దించింది. 1941 నుంచి 1943 మధ్య పాత వెండి రూపాయలను విడతల వారీగా చెలామణిలోంచి తొలగించింది. మన ఊళ్లలో పాత పెట్టెల అడుగున ఇప్పటికీ దొరికే విక్టోరియా రూపాయలు, జార్జి రూపాయలు చాలావరకు ఆ భయపు రోజుల జ్ఞాపకాలేనని నాకనిపిస్తుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మనిషి చేతిలో రెండు రకాల డబ్బులుంటే చెడ్డదాన్ని ముందు వదిలించుకుంటాడు, మంచిదాన్ని దాచుకుంటాడు. మీకూ నాకూ చిరిగిన నోటు, కొత్త నోటు పక్కపక్కన ఉంటే ముందు చిరిగినదే తీసి ఇస్తాం. కాబట్టి కాలం ఎంత గడ్డుగా ఉంటే బంగారం, వెండి అంత త్వరగా బజారు నుంచి మాయమవుతాయి. అంతా కూలిపోయాక జనం బంగారు నాణేలతో కూరగాయలు కొంటారన్న ఊహ ఈ ఒక్క మాటతోనే వీగిపోతుంది. దాచుకోదగ్గ వస్తువును ఎవరూ వంకాయలకివ్వరు.

మరి వంకాయలు దేనికిస్తారు? 1992 నుంచి దాదాపు నాలుగేళ్లు సెర్బు సేనల ముట్టడిలో ఉన్న సరయెవో నగరంలో సిగరెట్లకిచ్చారు. అక్కడి పొగాకు ఫ్యాక్టరీ ముట్టడిలోనూ ఆగకుండా నడిచింది. చుట్టడానికి పెట్టెలు లేక పుస్తకాల కాగితాలు వాడారు. కార్మికులకు జీతంగా సిగరెట్లే ఇచ్చారు. వాటితోపాటు జర్మనీ మార్కు నోట్లు నడిచాయి. సిగరెట్టుకు చిల్లర సమస్య లేదు. ఒకటిస్తావా, రెండిస్తావా, పెట్టె ఇస్తావా అంతే. అసలో నకిలీయో వెలిగిస్తే తెలుస్తుంది.

ఇంకా కఠినమైన చోటు జర్మన్ సేనల ముట్టడిలో చిక్కిన లెనిన్‌గ్రాడ్. 1941 నవంబరు 20 నుంచి డిసెంబరు 25 దాకా అక్కడ ఉద్యోగులకు, పిల్లలకు, ఇంట్లో ఉండే వృద్ధులకు రోజుకు దక్కిన రొట్టె 125 గ్రాములు. ఆ రొట్టెలోనూ అంతా పిండి కాదు. ఆ చలికాలంలో బంగారు గడియారాలు, ఉంగరాలు రొట్టె ముక్కలకు చేతులు మారాయి. అక్కడ నోట్లతోపాటు బంగారం కూడా కూలింది. ఊళ్లో తిండే లేనప్పుడు ఏ లోహమూ తిండిని పుట్టించలేదు, ఉన్న కాస్త తిండిని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మార్చగలదు. ఆనాటి రొట్టెకు గడియారమిచ్చినవాణ్ణి తెలివితక్కువవాడని నేననలేను. అతను బతికి ఉంటే, ఆ బేరం లాభమే.

ఇంతవరకూ చెప్పింది బంగారం చేయలేని పనుల గురించి. అది చేయగల పనిని అందరికంటే స్పష్టంగా చూపించింది వియత్నాం.

1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ కమ్యూనిస్టు సేనల వశమైంది. సెప్టెంబరులో కొత్త ప్రభుత్వం దక్షిణాది పాత నోట్లను రద్దు చేసి 500 పాత డాంగ్‌లకు ఒక కొత్త డాంగ్ ఇచ్చింది. ఒక్కో కుటుంబం ఇంతవరకే మార్చుకోవాలని పరిమితి పెట్టింది. జీవితకాలపు పొదుపులు కొన్ని గంటల్లో కాగితాలైపోయాయి. 1978లో మరోసారి నోట్లు మార్చారు. ఆ ఏడాదే చైనా సంతతి వ్యాపారుల ఆస్తుల మీద దాడులు మొదలయ్యాయి. దేశం విడిచి పడవల్లో పోవడానికి లక్షలమంది సిద్ధపడ్డారు. ఆ ప్రయాణానికి రుసుము బంగారమే. దళారులకూ అధికారులకూ కలిపి పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి సుమారు పది, పన్నెండు తాయెల్‌లు ఇచ్చుకోవాల్సి వచ్చేది, పిల్లలకు సగం. ఒక తాయెల్ 37.5 గ్రాములు. పది తాయెల్‌లంటే మన లెక్కలో 47 కాసులు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఎంతో లెక్కేసుకోండి.

ఆ బంగారం ఎలా ఉండేదన్నది ముఖ్యం. సైగాన్‌లో కిమ్ థాన్ అన్న పేరున్న దుకాణం ముద్రతో పల్చటి రేకులు అమ్మేవారు. ఒక తాయెల్ మూడు రేకులుగా వచ్చేది, రెండు 15 గ్రాములవి, ఒకటి ఏడున్నర గ్రాములది. కాగితంలో చుట్టి ఇచ్చేవారు. రేకు కాబట్టి మడవొచ్చు, కత్తెరతో కత్తిరించొచ్చు, చొక్కా గుడ్డల మధ్య కుట్టుకోవచ్చు. అంత పల్చటి రేకులో వేరే లోహాన్ని దాచడానికి చోటుండదు. బంగారంతో సమానంగా తూగే టంగ్‌స్టన్ కడ్డీ మీద బంగారం పోత పోసి మోసం చేయడం కడ్డీల్లో కుదురుతుంది, రేకుల్లో కుదరదు. గీటురాయి లేనివాడు కూడా ఆ రేకును నమ్మాడంటే కారణం అదే. ఒక సామాన్య నగల దుకాణం అందరికీ తెలిసిన తూకాన్ని, ఆకారాన్ని ముందే సిద్ధం చేసి పెట్టింది. శాంతికాలంలో పుట్టిన ఆ నమ్మకం కష్టకాలంలో పనికొచ్చింది.

అయినా రేకులున్న అందరూ తీరం చేరలేదు. పడవల్లో బంగారముంటుందని థాయ్‌లాండ్ సింధుశాఖలో సముద్రపు దొంగలకు తెలుసు. వేలమంది దోపిడీకి, అంతకన్నా ఘోరాలకు గురయ్యారు. రేవు దాటడానికి పనికొచ్చిన బంగారమే సముద్రం మీద ప్రాణాల మీదికి తెచ్చింది.

మనవాళ్లకు దగ్గరి అనుభవం కువైట్. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు దాన్ని ఆక్రమించాయి. కువైట్ దినార్‌ను ఇరాక్ దినార్‌తో సమానం చేసి, ఆ తర్వాత చెల్లదన్నారు. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వెళ్లినవాళ్లు నెలల తరబడి కూడబెట్టిన నోట్లు కొరగాకుండా పోయాయి. ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరినవాళ్లను, మొత్తం సుమారు 1,70,000 మంది భారతీయులను, ఎయిరిండియా విమానాలు ఇంటికి చేర్చాయి. కరెన్సీని ఒక ఉత్తర్వుతో రద్దు చేయొచ్చు, చేతికున్న గాజుకు ఆ ఉత్తర్వు వర్తించదు. బంగారం మీద మన ఆడవాళ్ల పట్టుదలలో ఈ తెలివి ఉందనే నా నమ్మకం. దాన్ని వట్టి నగల మోజని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను.

కానీ మన ఇంటి బంగారాన్ని ఇదే కంటితో చూస్తే కొన్ని లోపాలు కనిపిస్తాయి. మనది ఎక్కువగా పెద్ద హారాలు, రాళ్ల నెక్లెసులు. తరుగు, మజూరీ కొన్నరోజే పోతాయి. రాళ్ల బరువు తీసేశాక ఎంతో చెప్పడానికి కంసాలి కావాలి. ఆపదలో మనం వాటిని కుదువ పెడతాం. 2020లో కరోనా వేళ రిజర్వు బ్యాంకు నగల విలువలో 75 శాతం దాకా ఇచ్చే అప్పును 90 శాతానికి పెంచితే లక్షల కుటుంబాలకు ఊపిరాడింది. అయితే ఆ అప్పుకు తెరిచి ఉన్న బ్యాంకు, తూచే మనిషి, చెల్లే రూపాయి కావాలి. నిజంగా అంతా కుప్పకూలిన రోజున ఇవి ఉండవు. లాకరు తాళం మన దగ్గరున్నా లాకరు గది తలుపు తెరిచేవాడుండడు. ఆ రోజుకు హారం కన్నా రాళ్లు లేని సన్నటి ఉంగరాలు, గ్రాము రెండు గ్రాముల నాణేలు మేలు. వాటికన్నా ముందు రెండు నెలల బియ్యం, మందులు, కాస్త నగదు, కష్టానికి తలుపు తీసే పక్కింటివాళ్లు. బంగారం వాటి తర్వాత వస్తుంది, రేవు దాటాల్సి వచ్చినప్పుడు.

రేవు దాటకుండా ఉండిపోయినవాళ్లకు కూడా అది ఇంకో విధంగా పనికొచ్చింది. వియత్నాంలో 1980లలో ధరలు మళ్లీ మళ్లీ చెలరేగాయి. డాంగ్ పతనం ఎక్కడ ఆగుతుందో ఎవరికీ అంతు చిక్కలేదు. కూరగాయలు, బస్సు టికెట్లు డాంగ్‌లతోనే కొన్నారు. ఇల్లో స్థలమో కొనాల్సి వస్తే మాత్రం బేరం బంగారంలో. యుద్ధం ముగిసి పాతికేళ్లు దాటాక కూడా సైగాన్‌లో ఇళ్ల ధరలు తాయెల్‌లలోనే చెప్పుకునేవారు. వాళ్ల వాడుకలో తాయెల్‌ను ‘కై’ అంటారు. చెట్టుకూ అదే మాట. అందులో పదోవంతు, మూడు ముప్పాతిక గ్రాములది, ‘చీ’. పెళ్లికూతురికి ఇన్ని చీలు పెట్టారనీ, ఫలానా వీధిలో ఇల్లు ఇన్ని కైలు పలికిందనీ అక్కడి పెద్దవాళ్లు చెప్పుకుంటారు.