మూడు హల్లుల ధాతువు: హీబ్రూ మాటలు నేర్చుకునే పద్ధతి

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
- హీబ్రూ మాట ఎలా తయారవుతుందో చెప్పగలుగుతారు;
- ఒక ధాతువు నుంచి పుట్టిన మాటలను గుర్తించగలుగుతారు;
- మీకు ముందే తెలిసిన ఉర్దూ, అరబ్బీ మాటల సాయంతో కొత్త మాటలు గుర్తుంచుకోగలుగుతారు;
- పనిచోట అవసరమయ్యే కొన్ని మాటలను అర్థం చేసుకోగలుగుతారు.

1. పరిచయం

ఢిల్లీలోని పహాడ్‌గంజ్ మెయిన్ బజారులో నడిస్తే, కొన్ని దుకాణాల బోర్డుల మీద హిందీ, ఇంగ్లీషులతో పాటు చదరంగా ఉండే మరో లిపి కనిపిస్తుంది. అది హీబ్రూ. ఇజ్రాయెల్ నుంచి వచ్చే యువ పర్యాటకుల కోసం ఆ బోర్డులు రాయించారు. ఖాన్ మార్కెట్టు దగ్గర, హుమాయూన్ రోడ్డులో 1956లో కట్టిన జూడా హయాం సినగోగు ఉంది. ఈ యూదుల మందిరంలో ప్రార్థనల భాష హీబ్రూ. మన గుంటూరు జిల్లాలో, చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో, తెలుగు మాతృభాషగా గల బెనె ఎఫ్రయీం కుటుంబాల వారు కూడా ఆరాధన కోసం హీబ్రూ నేర్చుకుంటారు.

ఇప్పుడు ఈ భాష బతుకుతెరువుకు కూడా అవసరమవుతోంది. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లి ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పనిలో ఉన్నవారు చాలామంది ఉన్నారు. 2024 జనవరిలో, జాతీయ రాజధాని ప్రాంతంలోని రోహ్‌తక్‌లో, మహర్షి దయానంద్ విశ్వవిద్యాలయం ఆవరణలో, ఇజ్రాయెల్ వెళ్లే భవన నిర్మాణ కార్మికులకు పరీక్షలు జరిగాయి. సెంట్రింగు, ఇనుప కడ్డీలు వంచడం, టైల్స్ వేయడం, ప్లాస్టరింగు వచ్చినవారిని అక్కడ ఎంపిక చేశారు. ఆ పరీక్షలో చూసింది చేతి పనిని. కాని అక్కడికి వెళ్లాక కూలి లెక్క అడగాలన్నా, నొప్పి ఎక్కడో చెప్పాలన్నా, ప్రమాదం వచ్చినప్పుడు ఎటు పోవాలో తెలియాలన్నా మాట కావాలి.

పెద్దవాళ్లకు కొత్త భాష రాదని కొందరు వెనకాడతారు. హీబ్రూ విషయంలో ఒక సదుపాయం ఉంది. ఒక్కొక్క మాటనూ విడిగా బట్టీ పట్టనక్కరలేదు. ధాతువు తెలిస్తే చాలా మాటలు గుంపుగా గుర్తుంటాయి.

2. లిపి, ఉచ్చారణ

హీబ్రూలో 22 అక్షరాలు. అన్నీ హల్లులే. ఉర్దూలాగా కుడి నుంచి ఎడమకు రాస్తారు. అచ్చులను తెలిపే చుక్కలు, గీతలు ఉన్నాయిగాని వాటిని పిల్లల పుస్తకాల్లో, ప్రార్థన గ్రంథాల్లో, కవిత్వంలో మాత్రమే వాడతారు. వార్తాపత్రికల్లో, వీధి బోర్డుల మీద అవి ఉండవు. చదివేవారు ధాతువును గుర్తుపట్టి అచ్చులను తామే వేసుకుంటారు.

ఈ పాఠంలో 'ఖ' అని రాసినచోట ఉర్దూ తెలిసినవారు 'ఖాన్' అన్నప్పుడు గొంతులో వచ్చే రాపిడి ధ్వనిని పలకాలి. క, బ, ప అనే మూడు హల్లులు స్థానాన్ని బట్టి ఖ, వ, ఫ గా మారుతుంటాయి. 'బ' ఉండవలసిన చోట 'వ' వినిపిస్తే కంగారు పడకండి. ధాతువు అదే.

3. ధాతువు అంటే ఏమిటి?

తెలుగులో 'రాయి' అన్న క్రియను తీసుకోండి. రాశాడు, రాస్తాడు, రాయించాడు, రాత. ఇక్కడ మొదటి 'రా' నిలిచి ఉంది. మార్పంతా చివర జరిగింది. తెలుగు మాట పూసల దండ వంటిది. ఒక్కొక్క ప్రత్యయం వెనక వచ్చి చేరుతుంది.

హీబ్రూలో మార్పు మాట లోపల జరుగుతుంది. రాయడానికి ధాతువు క-త-బ. ఈ మూడు హల్లులనూ కదలని గుంజలు అనుకోండి. వాటి మధ్య అచ్చులు మారుతుంటాయి.

కతావ్ – రాశాడు
కోతెవ్ – రాస్తున్నాడు
మిఖ్తావ్ – ఉత్తరం
క్తోవెత్ – చిరునామా
క్తుబ్బా – పెళ్లినాటి ఒప్పంద పత్రం

ఈ అయిదు మాటల్లోనూ క-త-బ (లేదా ఖ-త-వ) వరుసగా ఉన్నాయి. వాటిని కిందగీత గీసి చూసుకోండి.

4. అచ్చుల మూస

గుంజలకు ధాతువు ఎలాగో, అచ్చులకు మూస అలాగ. రెండు మూసలు తెలిస్తే మొదటి నెల గడిచిపోతుంది.

మొదటిది 'ఓ–ఎ' మూస. పని చేస్తున్నవాణ్ణి ఇది తెలుపుతుంది. కోతెవ్ అంటే రాసేవాడు. ల-మ-ద అనే ధాతువుకు నేర్చుకోవడం అని అర్థం. లోమెద్ అంటే నేర్చుకుంటున్నవాడు. ష-మ-ర కు కాపాడటం అని అర్థం. షోమెర్ అంటే కావలివాడు.

రెండవది 'మి–ఆ' మూస. ఇది తరచుగా చోటునో వస్తువునో తెలుపుతుంది. మిఖ్తావ్ రాసిన వస్తువు. క-ల-త అంటే లోనికి తీసుకోవడం. మిక్లాత్ అంటే తలదాచుకునే చోటు, బాంబుల నుంచి రక్షణ ఇచ్చే గది. ఇజ్రాయెల్‌లో సైరను మోగినప్పుడు అందరూ వెతికే బోర్డు ఇదే. ఈ ఒక్క మాటను చదవడం, పలకడం మొదటి వారంలోనే నేర్చుకోవాలి.

5. మనకు తెలిసిన చుట్టాలు

హీబ్రూ, అరబ్బీ ఒకే భాషా కుటుంబానివి. అరబ్బీ మాటలు ఫారసీ, ఉర్దూల ద్వారా తెలుగులోకి ఎన్నో వచ్చాయి. కనుక హీబ్రూ ధాతువుల్లో కొన్ని మీ నోట ముందే ఉన్నాయి.

కితాబు అన్న మాట క-త-బ నుంచి వచ్చిందే. ఢిల్లీలో జామా మసీదు దగ్గరి ఉర్దూ బజారులో పుస్తకాలను, పత్రికలను అందంగా చేత్తో రాసేవారిని కాతిబ్ అనేవారు. హీబ్రూ కోతెవ్‌కు అతడు అన్నదమ్ముడు. హిసాబు తెలుసు కదా? అరబ్బీ 'స' చాలాచోట్ల హీబ్రూలో 'ష' అవుతుంది. అందుకే హిసాబుకు చుట్టం ఖెష్బోన్ (లెక్క, బిల్లు). కంప్యూటరును మఖ్షెవ్ అంటారు, లెక్కించేది అన్నమాట. సలాముకు చుట్టం షాలోం.

'మ'తో మొదలయ్యే మూస కూడా మనకు కొత్త కాదు. సజ్దా చేసే చోటు మసీదు. దర్సు, అంటే పాఠం, చెప్పే చోటు మదరసా.

'జిల్లా' మూలంలో పక్కటెముక, పక్క అనే అర్థాలున్న అరబ్బీ మాట. దేశానికి ఒక పక్క, ఒక భాగం జిల్లా అయింది. హీబ్రూలో పక్కటెముకను త్సెలా అంటారు. చర్చికి వెళ్లేవారికి ఆమేన్, హల్లెలూయ, సబ్బాతు అన్న హీబ్రూ మాటలు ఎలాగూ తెలుసు.

6. పనిచోట మాటలు

'అబ్దుల్' అన్న పేరులోని 'అబ్ద్' అంటే సేవకుడు, దాసుడు. హీబ్రూలో ఇదే ధాతువు అ-బ-ద. అవోదా అంటే పని. ఆరాధన అనే అర్థం కూడా ఉంది. ఓవెద్ అంటే కార్మికుడు. ఎవెద్ అంటే బానిస. హల్లులు అవే, మొదటి అచ్చు ఒక్కటే మారింది. చుక్కలు లేకుండా రాసినప్పుడు ఈ రెండింటినీ వేరు చేయడానికి ఓవెద్‌లో 'ఓ'ను చూపే ఒక అక్షరాన్ని సాధారణంగా చేరుస్తారు. పని ఇచ్చే యజమాని మఆవీద్. ఒప్పందం కాగితం మీద ఓవెద్ ఎవరో, మఆవీద్ ఎవరో గుర్తుపట్టగలగడం పనివాడికి మొదటి రక్ష.

ష-బ-త అంటే ఆగడం, పని మానడం. వారాంతపు విశ్రాంతి దినం షబ్బాత్. అది శుక్రవారం సూర్యాస్తమయానికి మొదలై శనివారం చీకటి పడే దాకా ఉంటుంది. ఆ సమయంలో చాలా ఊళ్లలో బస్సులు నడవవు. ఇదే ధాతువు నుంచి ష్వితా అన్న మాట పుట్టింది. దానికి అర్థం సమ్మె.

నొప్పిగా ఉందని చెప్పడానికి 'కొఎవ్ లి' అనాలి. డాక్టరు రోఫె, ఆస్పత్రికి వెళ్లకుండా చూపించుకునే క్లినిక్కు మిర్పాఆ. రెండింటి ధాతువూ ఒకటే. నీళ్లు మాయిం, ఉప్పు మెలఖ్, అవును కెన్, కాదు లో, దయచేసి బెవకషా, కృతజ్ఞతలు తోదా.

7. ఆడ, మగ తేడా

'నేను నేర్చుకుంటున్నాను' అని తెలుగులో ఆడవారూ మగవారూ ఒకేలా అంటారు. ఢిల్లీ వచ్చాక హిందీలో 'సీఖ్‌తా హూఁ', 'సీఖ్‌తీ హూఁ' అని మార్చడం మీరు అలవాటు చేసుకునే ఉంటారు. హీబ్రూలోనూ అంతే. మగవారు 'అని లోమెద్' అంటారు, ఆడవారు 'అని లోమెదెత్' అంటారు. సంరక్షకుడు మెతపెల్, సంరక్షకురాలు మెతపెలెత్.

8. పెద్దలు తిరిగి నేర్చుకున్న భాష

సుమారు 1,700 ఏళ్ల పాటు హీబ్రూ ప్రార్థనల్లో, రాతలో బతికింది. ఎవరికీ మాతృభాషగా లేదు. 1881లో యెరూషలేముకు చేరిన ఎలియెజెర్ బెన్ యెహుదా (1858–1922) తన ఇంట్లో హీబ్రూ మాత్రమే మాట్లాడాలని నియమం పెట్టుకున్నాడు. రోజువారీ వస్తువులకు మాటలు లేకపోతే పాత మాటల నుంచే కొత్తవి చేశాడు. 'మిల్లా' అంటే మాట. దాని నుంచి మిల్లోన్ (నిఘంటువు). 'ఎత్' అంటే కాలం. దాని నుంచి ఇత్తోన్ (వార్తాపత్రిక).

1949లో వలస వచ్చిన పెద్దల కోసం యెరూషలేములో ఉల్పాన్ ఎత్సియోన్ అనే పాఠశాల మొదలైంది. తర్వాత అలాంటివి దేశమంతటా వచ్చాయి. ఈనాడు హీబ్రూ మాట్లాడేవారిలో ఎందరికో ఇది పెద్దయ్యాక నేర్చుకున్న భాషే.

9. జాగ్రత్తలు

(అ) చుట్టరికం ఉన్నా అర్థం మారవచ్చు. హీబ్రూలో లెఖెం అంటే రొట్టె. అరబ్బీలో దాని చుట్టం లహ్మ్, అంటే మాంసం.

(ఆ) ధాతువునూ మూసనూ కలిపి మీ అంతట మీరు మాటలు తయారు చేసి వాడకండి. విన్న మాటను గుర్తుపట్టడానికే ఈ పద్ధతి.

(ఇ) నోటు పుస్తకంలో పేజీకి ఒక ధాతువు రాసుకోండి. కొత్త మాట విన్నప్పుడల్లా దాని పేజీలో చేర్చండి.

సారాంశం

హీబ్రూ మాటల్లో ఎక్కువ భాగానికి మూడు హల్లుల ధాతువు ఆధారం. అచ్చుల మూస మారితే అర్థం మారుతుంది. తెలుగులో కలిసిపోయిన అరబ్బీ మాటలు ఈ ధాతువులను గుర్తుంచుకోవడానికి సాయపడతాయి.

పాఠగత ప్రశ్నలు

1. మిక్లాత్ అనే బోర్డు ఉన్నచోట ఏమి ఉంటుంది?
2. ఓవెద్, ఎవెద్ మాటల తేడా ఏమిటి?
3. ష్వితా, షబ్బాత్ మాటలకు ఉమ్మడి అర్థం ఏమిటి?
4. స-ప-ర ధాతువు నుంచి 'ఓ–ఎ' మూసలో వచ్చే మాటకు రచయిత అని అర్థం. ఆ మాట ఏది? ('ప' ఇక్కడ 'ఫ' అవుతుంది.)

జవాబులు

1. బాంబుల నుంచి తలదాచుకునే గది. 2. ఓవెద్ కార్మికుడు, ఎవెద్ బానిస. 3. పని ఆపడం. 4. సోఫెర్.