పదకొండు ఊళ్లు, పదకొండుమంది రుద్రులు

అంబాజీపేట మండలం మొసలపల్లి శివారులోని జగ్గన్నతోటలో గుడి లేదు, గోపురం లేదు, ధ్వజస్తంభమూ లేదు. ఉన్నది కొబ్బరితోట ఒక్కటే. ఏటా కనుమ రోజున మాత్రం అక్కడ పదకొండుమంది శివుళ్లు కొలువుదీరతారు. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల జనం తమ తమ స్వామిని ప్రభ మీద నిలిపి, భుజాలకెత్తుకుని తీసుకొస్తారు. కోనసీమ వాళ్లు ఏకాదశ రుద్రుల ప్రభల తీర్థమని పిలుచుకునే ఈ వేడుక నాలుగు వందల ఏళ్లకు పైబడినదని ఇక్కడి పెద్దల మాట.

వ్యాఘ్రేశ్వరం నుంచి వ్యాఘ్రేశ్వరుడు, ఇరుసుమండ నుంచి ఆనంద రామేశ్వరుడు, వక్కలంక నుంచి కాశీ విశ్వేశ్వరుడు, కె.పెదపూడి నుంచి మేనకేశ్వరుడు, ముక్కామల నుంచి రాఘవేశ్వరుడు, పుల్లేటికుర్రు నుంచి అభినవ వ్యాఘ్రేశ్వరుడు వస్తారు. నేదునూరు, పాలగుమ్మి, గంగలకుర్రు ఊళ్ల స్వాములు ముగ్గురూ చెన్నమల్లేశ్వరులే. గంగలకుర్రు అగ్రహారం వీరేశ్వరుడిది. మొసలపల్లి మధుమానంత భోగేశ్వరుడిది ఆతిథ్యం. తోట తన ఊరిదే కాబట్టి ఆయన ముందే వచ్చి, అతిథులందరినీ సాగనంపాకే కదులుతాడు. సభకు పెద్ద వ్యాఘ్రేశ్వరుడు. ఆయన ప్రభ తోటలో అడుగుపెట్టగానే, అప్పటికే వచ్చి ఉన్న ప్రభలను ఒక్కసారి పైకి లేపుతారు. పెద్దాయన వస్తే లేచి నిలబడటమన్న మాట.

లోకక్షేమం గురించి రుద్రులు ఇక్కడ సమావేశమై మాట్లాడుకుంటారని భక్తుల నమ్మకం. ఆ సమావేశాన్ని కళ్లకు కట్టేది మాత్రం ఊరివాళ్లే.

ఇటలీలోని గ్రెచ్చో అనే కొండపల్లెలో 1223 క్రిస్మస్ వేళ క్రైస్తవ సాధువు అస్సీసీ ఫ్రాన్సిస్ ఇలాంటి పనే చేశాడు. ఎండుగడ్డి పరిచిన తొట్టి, ఎద్దు, గాడిద పెట్టి క్రీస్తు పుట్టిన బేత్లెహేము పశువుల పాకను జనం ముందు నిలిపాడు. ఆ పల్లెవాసులు ఇప్పటికీ ఏటా ఆ దృశ్యాన్ని తామే ప్రదర్శిస్తారు. పుణ్యకథను విని ఊరుకోకుండా తమ ఊళ్లో, తమ చేతులతో జరిపించుకోవాలన్న తపన అక్కడా ఇక్కడా ఒకటే.

ప్రభ కట్టడం చిన్న పని కాదు. వెదురు బొంగులను విల్లులా వంచి చట్రం కడతారు. దానికి రంగురంగుల కొత్త బట్టలు చుట్టి, పూలు, నెమలి పింఛాలు, గంటలు, కొత్త వరికంకులు అలంకరిస్తారు. నడుమ స్వామి ఉత్సవ విగ్రహాన్ని ఉంచుతారు. మోతకర్రలకు భుజాలిచ్చేవాళ్లు కొందరైతే, ప్రభ పక్కకు ఒరగకుండా తాళ్లు లాగిపట్టేవాళ్లు మరికొందరు. ముందు మేళతాళాలు, గరగ నృత్యాలు. దారి పొడవునా ‘అశ్శరభ శరభ’ అన్న కేకలు.

ఆ దారి తారురోడ్డే కానక్కర్లేదు. ప్రభలు కొబ్బరితోటల్లోంచి, పచ్చటి వరిచేలల్లోంచి సాగుతాయి. పైరు తొక్కుడుపడ్డా రైతులు బాధపడరు. స్వామి తమ చేలో నడిచాడని సంతోషిస్తారు.

అసలు పరీక్ష కౌశిక కాలువ దగ్గర. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు ఆ కాలువ దాటితేగానీ తోటకు చేరవు. మోసేవాళ్లు గట్టు దిగి నీళ్లలోకి వెళ్తారు. కాళ్ల కింద బురద, భుజాల మీద బరువు. ఒకరి అడుగు తడబడితే అందరికీ ముప్పే. అందుకే కేక ఒకటే, అడుగు ఒకటే. నిలువెత్తు ప్రభ తడవకుండా, ఒరగకుండా అవతలి గట్టెక్కేసరికి రెండు ఒడ్లపైనా నిండిన జనం హరహర మహాదేవ అంటూ హోరెత్తిస్తారు.

కోనసీమలో ప్రభల తీర్థాలు ఇంకా చాలా ఉన్నాయి. కొత్తపేటలో సంక్రాంతికి జరిగేది బాణసంచాకు పేరుమోసింది. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ కర్తవ్యపథ్‌లో నడిచింది కోనసీమ ప్రభల తీర్థమే.

చూడాలనుకునేవారు కనుమనాడు అమలాపురం నుంచి అంబాజీపేట మీదుగా వెళ్లవచ్చు. తోటలో కాలుపెట్టే సందుండదు కాబట్టి పెందలాడే బయలుదేరడం మంచిది. కౌశిక దాటే ఘట్టం చూడాలంటే ముందుగా గంగలకుర్రు వైపు గట్టు మీద చోటు చూసుకోవాలి.