మీకు తెలుసా? పీల్చిన దుమ్ములో చాలాభాగం పొట్టలోకే పోతుంది

అటక దులిపాకో, కళ్లంలో ధాన్యం తూర్పారబట్టాకో ముక్కు చీదితే నల్లటి చీమిడి వస్తుంది. కంగారు పడక్కర్లేదు, ముక్కు తన పని తాను చేసిందన్నమాట.

మనిషి రోజుకు సుమారు 10,000 లీటర్ల గాలి పీలుస్తాడు. పెద్ద నలుసులను ముక్కు వెంట్రుకలు ఆపుతాయి. అసలు పనితనం ఇంకా లోపల ఉంది. అక్కడి దారి వంపులు తిరిగి ఉంటుంది. గాలి మలుపు తిరుగుతుంది గానీ బరువైన నలుసు తిరగలేక తడిగోడకు అతుక్కుంటుంది. 10 మైక్రాన్లు దాటిన దుమ్ము ఎక్కువగా ఇక్కడే చిక్కుతుంది. ఆ గోడ నిండా కంటికి కనపడని నూగు, అదే సిలియా. సెకనుకు పదిసార్లకు పైగా కొట్టుకుంటూ, చీమిడిని నిమిషానికి సుమారు 5 మిల్లీమీటర్ల చొప్పున గొంతు వైపు నెడుతుంది. ఊపిరితిత్తుల్లోని కఫం కూడా ఇలాగే పైకి ఎగబాకి గొంతుకు చేరుతుంది. రెండింటినీ మనకు తెలియకుండానే మింగేస్తాం. వాటిలోని సూక్ష్మజీవుల్ని చాలావరకు జీర్ణాశయపు ఆమ్లం చంపేస్తుంది.

సిగరెట్ పొగ ఈ నూగును దెబ్బతీస్తుంది. పొగతాగేవారిని పొద్దున్నే పట్టుకునే దగ్గుకు అదొక కారణం.

2.5 మైక్రాన్ల లోపు ధూళి మాత్రం ఈ కాపలా దాటి గాలిగదుల దాకా పోగలదు. అక్కడ సిలియా ఉండదు, మాక్రోఫేజ్ కణాలే దాన్ని మింగాలి. రాతిధూళిలోని సిలికాను అవి అరిగించుకోలేక చచ్చిపోతాయి, ఊపిరితిత్తి మచ్చలుకట్టి గట్టిపడుతుంది. అదే సిలికోసిస్. క్వారీ, క్రషర్ కార్మికులకు ముఖానికి చుట్టుకున్న తువ్వాలు చాలదు. నీళ్లు చల్లుతూ రాయి కోయించడం, సరైన మాస్కు ఇవ్వడం యజమాని బాధ్యత.