ప్లాస్టిక్ రోడ్డు సరే, వాన నీరు ఎటు పోవాలి?

గోపాలపట్నం రైతుబజారుకు కూరగాయలు తెచ్చే రైతుకు మెయిన్ రోడ్డుతో పేచీ లేదు. కష్టమంతా ఊళ్ళోంచి ఆ రోడ్డు ఎక్కేదాకానే. మొదటి వానకు తారు లేచిపోతుంది, రెండో వానకు గోతులు పడతాయి. టమాటా నలిగి రేటు తెగేది అక్కడే. ఇక రోడ్డు పక్కన చూస్తే క్యారీ బ్యాగులు, పాల కవర్లు, నూనె ప్యాకెట్లు. ఈ చెత్తతో ఆ రోడ్డు బాగుపడుతుందా? పడుతుంది. కానీ పక్కన పొలం ఉన్నవాళ్ళు ముందే చూసుకోవలసిన సంగతి ఒకటుంది.

మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ ఆర్.వాసుదేవన్ ఈ పద్ధతి కనిపెట్టారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పని కష్టమేం కాదు. కంకరను 160-170 డిగ్రీల దాకా వేడి చేస్తారు. సన్నగా కత్తిరించిన ప్లాస్టిక్ ముక్కలు దానిపై చల్లితే నిమిషంలోపే మెత్తబడి రాయికి పూతలా పట్టేస్తాయి. ఆ తర్వాతే తారు కలుపుతారు. పూత ఉన్న రాయిలోకి నీరు దిగదు, తారు దాన్ని వదలదు. గోతులు తగ్గేది అందుకే. మూడు ముప్పావు మీటర్ల వెడల్పు రోడ్డుకు కిలోమీటరుకు సుమారు టన్ను ప్లాస్టిక్ పడుతుంది, తారు ఆ మేరకు ఆదా. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2013లోనే దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. గ్రామ సడక్ యోజన రోడ్లలోనూ వాడారు.

అన్ని ప్లాస్టిక్కులూ పనికిరావు. పాత బోరు పైపులు, కరెంటు వైర్ల తొడుగులు పీవీసీ. వేడి చేస్తే విషవాయువు వదులుతాయి. పదే పదే కరిగించి చేసిన నల్ల కవర్లూ వద్దు. పురుగుమందు డబ్బాలు ఆ గుట్టలో అసలు కలపొద్దు, అడుగున మందు మిగిలి ఉంటుంది.

వేడి హద్దు దాటకుండా చూడటం ముఖ్యం. ప్లాస్టిక్ ఆవిరి ఏం చేస్తుందో గోపాలపట్నం వాళ్ళకు వేరే చెప్పాలా! 2020 మే 7 తెల్లవారుజామున పక్కనున్న ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు, పశువులూ చచ్చాయి. రోడ్డు పనికీ ఆ ఫ్యాక్టరీకీ పోలిక లేదు. అయినా ఊరి పక్కన డ్రమ్ముల్లో ప్లాస్టిక్ మండించి తారు కాచే మేస్త్రీ వస్తే ఒప్పుకోకండి. హాట్‌మిక్స్ ప్లాంటులోనే కలపాలి.

చెత్తకుప్పల్లో మేసే ఆవుల సంగతీ ఉంది. పుట్టపర్తి కరుణ సొసైటీ వాళ్ళు ఆవుల కడుపుల్లోంచి ప్లాస్టిక్ తీసి తీసి, 2012లో సుప్రీంకోర్టుకే వెళ్ళారు. కవరు పశువు పొట్టలో చేరేకన్నా కంకరకు పూతైతే నయం.

ఇప్పుడు నీటి సంగతి. ఈ రోడ్డు నీటిని పీల్చదు, తోసేస్తుంది. లెక్క చూడండి: 5 సెంటీమీటర్ల వాన పడితే కిలోమీటరు రోడ్డు మీద లక్షా 87 వేల లీటర్లు పడతాయి. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు 37! సైడు కాలువ, తూము లేకపోతే ఆ నీళ్ళన్నీ పల్లంలో ఉన్న చిన్న రైతు మడిలోకే. గట్టు తెగేది అతనిదే, మట్టి కొట్టుకుపోయేదీ అతని చేలోనే. ఎస్టిమేటులో తారు మందం ఉంటుంది, కాలువ ఉండదు.

నీరు ఇంకే రోడ్డు వేరే రకం. నెదర్లాండ్స్‌లోని జ్వోలె పట్టణంలో 2018లో వాడేసిన ప్లాస్టిక్‌తో బోలు పలకలు పోతపోసి 30 మీటర్ల సైకిల్ బాట వేశారు. వాన నీరు పలకల కింద నిలిచి మెల్లగా నేలలోకి ఇంకుతుంది. మనకు అంత హంగు అక్కర్లేదు. వాసుదేవన్ రాయి, ప్లాస్టిక్ కలిపి బిళ్ళలు కూడా చేశారు. ఆ బిళ్ళ నీరు పీల్చదు గానీ, వాటిని సందులు వదిలి పరిచి, సందుల్లో ఇసుక కాకుండా సన్న చిప్స్ పోస్తే నీరు దిగుతుంది. కింద దుమ్ము లేని కంకర అడుగు మందాన ఉంటే, 10 సెంటీమీటర్ల వాన దాకా దానిలోనే ఆగుతుంది. దుమ్ము, గ్రావెల్ కలిపిన కంకర వేస్తే అంతా దండగ.

ఇది ఇసుక లారీలు, లోడు ట్రాక్టర్లు తిరిగే దారికి కాదు. నల్లరేగడిలోనూ వద్దు, నేల ఉబ్బి బిళ్ళలు లేస్తాయి. ఎర్రనేలల్లో ఊరి సందులకు, రైతుబజారు అరుగుల మధ్య దారికి, బడి ఆవరణకు బాగుంటుంది. పశువుల శాల ముందు, ఎరువులు, మందుల షాపు ముందు వేయకండి, ఆ మురికి తాగే బోరులోకి చేరుతుంది.

మీ ఊరికి రోడ్డు వస్తోందంటే గ్రామసభలో పంచాయతీరాజ్ ఏఈ గారిని అడగండి: కాలువ ఏ పక్కన, తూము ఎక్కడ, నీరు చివరికి ఏ చెరువులో, ఏ గెడ్డలో కలుస్తుంది? బిళ్ళల దారైతే ఏటా తొలకరికి ముందు సందుల్లో చేరిన మట్టి ఊడ్చి, కొత్త చిప్స్ పోయించాలి. ఆ కూలి ఎవరిస్తారో కూడా అప్పుడే రాయించుకోండి.